తీపి ఉల్లి విత్తనము నడచిన దారి

ఉల్లి చేసిన మేలు తల్లి కూడ చేయదని మన పెద్దల మాట. ఆ మేలును పొందుటకు ముందు నాలుగు కన్నీటిబొట్లు విడువవలసి వచ్చుట ఏ గృహిణికిని క్రొత్త సంగతి కాదు. కత్తిపీట ముందు కూర్చుండి ఉల్లి తరుగునప్పుడు పైటచెంగుతో కన్నులొత్తుకొననివారు అరుదు. అయితే ఆ ఉల్లిజాతిలోనే కంట నీరు పెట్టింపనిది, పచ్చిగా కోసి ముద్దపప్పులో నంజుకొన్నను నాలుక చురుక్కుమనిపింపనిది ఒకటి కలదు. దానినే తీపి ఉల్లి యందురు.

ఈ తీపి ఉల్లికి ఒక చరిత్ర కలదు. అది రాజుల చరిత్ర కాదు, యుద్ధముల చరిత్ర కాదు. పిడికిట పట్టు నల్లని గింజల చరిత్ర. ఆ గింజలు ఒక దీవిలో పండి, వేరొక దీవికి పేరు తెచ్చి, మూడవచోట లాభమై, నాలుగవచోట చట్టమైనవి. ఈ కథ తెలిసినవారికి తమ పెరటిలో ఒక చిన్న మడి తీపి ఉల్లి పెంచుటకు కావలసిన తెలివి కూడ అందులోనే దొరకును.

మొదట తీపి అను మాటను గూర్చి చెప్పవలెను. తీపి ఉల్లిలో చక్కెర యెక్కువ యని పలువురి తలంపు. అది నిజము కాదు. నెలల తరబడి నిలువయుండు ఘాటైన ఉల్లిలోనే చక్కెరపాలు ఎక్కువగా నుండుట కద్దు. అట్టి ఉల్లిని నిప్పుల మీద కాల్చి తిన్నచో ఎంత తీయగా నుండునో తెలియును. పచ్చిగా నున్నప్పుడు ఆ తీపిని ఘాటు కప్పివేయుచున్నది, అంతియే. ఈ ఘాటునకు మూలము గంధకము. ఉల్లి నేలలోని గంధకమును గ్రహించి కొన్ని పదార్థములుగా మార్చి తన కణములలో దాచుకొనును. వానిని విడగొట్టు ఎంజైము అదే కణములో వేరొక అరలో నుండును. కత్తి పడగానే అరలు తెగి, రెండును కలిసి, ఘాటు పుట్టును. కన్నీరు తెప్పించు ఆవిరిని పుట్టించుటకు మరియొక ఎంజైము ప్రత్యేకముగా కలదని జపాను శాస్త్రజ్ఞులు 2002లో వెల్లడించిరి.

కావున తీపి ఉల్లి యనగా తీపి హెచ్చినది కాదు. ఘాటు తగ్గినది, నీరు హెచ్చినది. ఆ నీటివలననే అది చాలకాలము నిలువయుండదు. ఈ రెండు గుణములే దాని చరిత్రను నడిపించినవి. రుచి చూచినవారు దానిని విడువరు; పండించినవారు దానిని దాచలేరు.

అమెరికా తూర్పు తీరమునకు ఆరువందల మైళ్లకు పైగా దూరమున, అట్లాంటిక్ మహాసముద్రమున, బెర్ముడా అను చిన్న దీవుల గుంపు కలదు. అది అప్పట్లో బ్రిటిషువారి వలసరాజ్యము. అచ్చటి చలికాలము మృదువైనది. 1849లో పోర్చుగీసువారి మదీరా దీవినుండి కొందరు శ్రామికులు వ్యవసాయమునకై అక్కడికి వలసవచ్చిరి. క్రమముగా ఉల్లిసాగు పెరిగినది. చలికాలమున పెరిగి వసంతకాలమునకు పక్వమగు ఆ ఉల్లిని ఓడలకెక్కించి న్యూయార్కునకు పంపుచుండిరి. అప్పటికి అమెరికాలో క్రిందటి పంట అడుగంటియుండును, క్రొత్త పంట చేతికి వచ్చియుండదు. ఆ సందున బెర్ముడా ఉల్లి దిగుచుండెను. దాని మృదుత్వమును మెచ్చనివారు లేకుండిరి. ప్రసిద్ధ హాస్యరచయిత మార్క్ ట్వేన్ బెర్ముడాకు పోయి వచ్చి వ్రాసిన యాత్రావ్యాసములలో అక్కడి ఉల్లిని వేడుకగా పొగడెను. ఆ దీవులవారు తమను తాము ఉల్లిగడ్డలని ముద్దుగా పిలుచుకొనుటయు కలదు.

అయితే ఆ వైభవమున ఒక లోపము దాగియుండెను. విత్తనము వారిది కాదు.

ఇచ్చట ఉల్లి స్వభావమును కొంచెము తెలిసికొనవలెను. ఉల్లి రెండేండ్ల మొక్క. గింజ వేసిన మొదటి యేడు గడ్డ ఊరును. ఆ గడ్డను దాచి మరల నాటి, దానికి చలి తగిలిన పిదప, రెండవ యేట పూలకాడ లేచి, తెల్లని బంతి వంటి పూగుత్తి పూచి, గింజ పట్టును. గింజ ముదురునప్పుడు గాలి పొడిగా నుండవలెను. గడ్డను ఓడకెక్కించి అమ్ముకొనుటయే పనిగానున్న రైతు దానిని దాచి, మరల నాటి, మరియొక యేడు కాచుకొనియుండడు. అందుచేత బెర్ముడా రైతులు విత్తనమును ప్రధానముగా స్పెయిన్ దేశమునకు చెందిన కానరీ దీవులనుండి, అందులోను టెనెరిఫే దీవినుండి, తెప్పించుకొనుచుండిరి. బెర్ముడా పేరుతో లోకమెరిగిన ఉల్లి యొక్క పుట్టినిల్లు టెనెరిఫే. బెర్ముడా మెట్టినిల్లు మాత్రమే.

పుట్టినింటివారు ఒక్క ఇంటికే సంబంధము కలుపుకొనవలెనను నియమము లేదు. 1898లో అదే జాతి విత్తనము దక్షిణ టెక్సాసులోని కొటుల్లా అను ఊరి ప్రాంతమున నాటబడినది. పంట అద్భుతముగా వచ్చినది. అక్కడికి రైలుమార్గముండెను. బెర్ముడా ఉల్లి సముద్రము దాటి రావలెను, దిగుమతి సుంకము చెల్లింపవలెను. టెక్సాసు ఉల్లికి సముద్రము లేదు, సుంకము లేదు. కొలది సంవత్సరములలో టెక్సాసు ఉల్లి బండ్లకొలది ఉత్తరపు నగరములకు పోసాగినది. పేరు మాత్రము బెర్ముడా ఉల్లియే. టెక్సాసులో బెర్ముడా అను పేరుతో ఒక పల్లెయే వెలసినది. పేరు దీవులది, విత్తనము టెనెరిఫేది, లాభము టెక్సాసుది యైనది. బెర్ముడా రైతులు చేయగలిగినదేమియు లేకపోయెను. విత్తనమునకై ఇతరులపై ఆధారపడినవానికి పేరు కూడ దక్కదని ఆ దీవులు నేర్చుకొన్న పాఠము. ఇరువదవ శతాబ్దపు తొలిభాగములోనే వారి ఉల్లివ్యాపారము క్షీణించి, కాలక్రమమున యాత్రికుల రాకపోకలే వారికి జీవనాధారమైనవి.

ఆ విత్తనము టెక్సాసులో అంత చక్కగా ఎట్లు ఇమిడినది? దీనికి సమాధానము కొంతకాలమునకు గాని తెలియలేదు. 1920లో అమెరికా వ్యవసాయశాఖకు చెందిన గార్నరు, ఆలార్డు అను శాస్త్రజ్ఞులు మొక్కలు పగటి పొడవును గుర్తించి నడచుకొనునని నిరూపించిరి. ఉల్లికి పూత మాట అటుంచి, గడ్డ ఊరుటయే పగటి పొడవుపై ఆధారపడును. కొన్ని జాతులకు 11, 12 గంటల పగలు చాలును. కొన్నిటికి 14 గంటలకు పైబడిన పగలు కావలెను. పగలు చాలనిచో మొక్క ఆకులే వేయుచుండును గాని గడ్డ ఊరదు. టెనెరిఫే, దక్షిణ టెక్సాసు, రెండును ఉత్తర అక్షాంశము 28 డిగ్రీల ప్రాంతముననే యున్నవి. వేలమైళ్ల దూరముననున్నను ఆ రెండుచోట్లను పగలు ఒక్కటే కొలత. విత్తనమునకు తాను దేశము మారినట్లే తెలియలేదు.

దీనికి ప్రతిగా మరియొక కథ కలదు. 1900 ప్రాంతమున పీటర్ పియేరి అను ఫ్రెంచి సైనికుడు కార్సికా దీవినుండి ఒక తీపి ఉల్లి విత్తనమును అమెరికా వాయవ్యభాగమునందలి వాలా వాలా అను పట్టణమునకు కొనిపోయెను. అది 46 డిగ్రీల ఉత్తరముననున్నది. వేసవిలో పగలు దాదాపు 16 గంటలు. అక్కడ ఇటలీనుండి వలసవచ్చిన తోటమాలులు ఏటేట మంచి గడ్డలను ఏరి విత్తనము కట్టుచు దానిని వృద్ధిచేసిరి. వాలా వాలా ఉల్లి నేటికిని ప్రసిద్ధమే. కాని ఆ విత్తనమును తెచ్చి మన విజయవాడలోనో హైదరాబాదులోనో వేసినచో ఆకులే తప్ప గడ్డలు రావు. మన తెలుగునాట ఏడాదిలో మిక్కిలి చిన్న పగలు సుమారు 11 గంటలు, మిక్కిలి పెద్ద పగలు సుమారు 13 గంటలు. మనకు కావలసినది టెక్సాసు తెగ. అనగా చిన్న పగటి ఉల్లి.

టెక్సాసువారును చాలకాలము టెనెరిఫే గింజలకే చేయి చాచిరి. విత్తనము తమదైననే గాని నిలువలేమని క్రమముగా గ్రహించిరి. 1925లో స్పెయిన్ దేశపు వాలెన్సియానుండి వచ్చిన ఒక ఉల్లి విత్తనము న్యూ మెక్సికో కళాశాలవారి చేతికి చిక్కినది. దానినుండి గ్రానో అను జాతి పుట్టినది. అది టెక్సాసు పరిశోధనక్షేత్రమునకు వచ్చి, అక్కడ మరల ఏరబడి, 1944లో టెక్సాసు ఎర్లీ గ్రానో 502 అను పేరుతో రైతులకందినది. పసుపుపచ్చని పొర, బొంగరము వంటి ఆకారము, మెత్తని కండ, తక్కువ ఘాటు దాని లక్షణములు. నేటి తీపి ఉల్లిజాతులలో పెక్కింటికి ఇదియే తల్లి.

అదే 1925లో కాలిఫోర్నియాలోని డేవిస్ అనుచోట హెన్రీ జోన్స్ అను శాస్త్రజ్ఞుడు ఉల్లిమడిలో ఒక వింత మొక్కను చూచెను. అది పూచినది కాని పుప్పొడి లేదు. అందుచేత తనంతట తాను గింజ కట్టలేకపోయినది. మరియొకరైనచో పనికిరాని మొక్క యని పెరికి పారవైచియుందురు. జోన్స్ దాని పూగుత్తిపై పుట్టిన చిరుగడ్డలను తీసి నాటి దాని వంశమును కాపాడెను. పుప్పొడి లేని మొక్క చేతనున్నచో ఏ జాతి పుప్పొడితో కావలెనన్న ఆ జాతితో దానిని సంకరము చేయవచ్చును. ఉల్లిపూలు చిన్నవి, ఒక్కొక్క గుత్తిలో వందలకొలదిగా నుండును. చేతితో పుప్పొడి తీసివేయుట కూలిబ్రతుకులకు సాధ్యమైన పని కాదు. ఆ ఒక్క మొక్క ఆ శ్రమను తప్పించినది. ఈ గుణము తరతరములకు సంక్రమించు విధమును 1943లో జోన్స్, క్లార్కు ప్రకటించిరి. దరిమిలా బెర్ముడా, గ్రానో జాతుల కలయికచే 1952 ప్రాంతమున గ్రానెక్సు అను సంకరజాతి వెలువడినది. పంట ఒక్క తీరుగా, ఒక్కసారిగా చేతికి వచ్చును. కాని దాని గింజ తీసి వేసినచో పిల్లలు తల్లిని పోలవు. ప్రతి యేడును విత్తనము కొనవలసినదే. టెనెరిఫే దీవిపై ఆధారపడుట పోయి, విత్తనవర్తకునిపై ఆధారపడుట వచ్చినది.

ఇక నాలుగవచోటు. జార్జియా రాష్ట్రమున టూమ్స్ కౌంటీ అను ప్రాంతములో 1931లో మోస్ కోల్మన్ అను రైతు ఉల్లి వేసి, అది ఘాటుగా నుండునని తలంచెను. అది తీయగా నుండెను. అవి ఆర్థికమాంద్యపు దినములు. ఈ వింత ఉల్లిని కొనువారున్నారా యని సందేహించుచునే అమ్మజూపగా, 50 పౌనుల సంచి మూడున్నర డాలర్లకు పోయినది. ఆనాటికి అది గొప్ప ధర. ఇరుగుపొరుగువారును అదే త్రోవ పట్టిరి. సమీపమున నున్న విడాలియా పట్టణపు సంతలో అమ్ముటచే దానికి విడాలియా ఉల్లి యని పేరు వచ్చినది. ఆ తీపికి కారణము విత్తనము సగము, నేల సగము. అచ్చటి ఇసుకనేలలో గంధకము మిక్కిలి తక్కువ.

పేరు పెరుగగానే ఎక్కడెక్కడి ఉల్లియు విడాలియా సంచులలోనికి ఎక్కసాగినది. కాని జార్జియావారు బెర్ముడావారివలె చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 1986లో చట్టము చేసి, నిర్ణీతమైన 20 కౌంటీల ప్రాంతమున పండినదే విడాలియా యనిరి. 1989లో కేంద్రప్రభుత్వపు ఉత్తర్వు తోడైనది. 1990లో దానిని తమ రాష్ట్రపు అధికారిక శాకముగా ప్రకటించుకొనిరి. విశేషమేమనగా ఆ పొలములలో నాటునది గ్రానెక్సు తెగకు చెందిన విత్తనమే. ఆ విత్తనమును ఎవరైనను కొనవచ్చును. పేరును మాత్రము వాడరాదు. బెర్ముడాకు పేరుండి రక్షణ లేకపోయెను. విడాలియాకు రక్షణ కలదు. విత్తనము మాత్రము అంగడిదే.

టెక్సాసు కథకు మరియొక ముచ్చట కలదు. లెనర్డ్ పైక్ అను శాస్త్రజ్ఞుడు రూపొందించిన తీపి ఉల్లి 1983లో వెలువడినది. దానికి 1015 అని పేరు. అది రహస్యసంఖ్య కాదు. పదవనెల పదునైదవ తేదీ. అనగా ఆ తేదీన విత్తుమని పేరులోనే చెప్పియుంచిరి. ఉల్లిసాగులో తేదీకి గల ప్రాధాన్యమును ఇంతకంటె క్లుప్తముగా చెప్పుట కష్టము.

మన దేశమునకును ఈ విత్తనము రాకపోలేదు. ఎర్లీ గ్రానో జాతిని ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థవారు పచ్చిగా తినుటకు తగినదని ఉత్తరభారతమున ప్రచారములోనికి తెచ్చిరి. అయినను మన పొలములలో అది విరివిగా వ్యాపింపలేదు. కారణము సులభము. మనము ఉల్లిని తాలింపునకును పులుసునకును వాడుదుము. అటకపై, వెదురుతట్టలలో నెలల తరబడి దాచుదుము. అందుకు ఘాటు, గట్టిదనము కావలెను. కడపజిల్లా వైపు పండు కృష్ణాపురము ఉల్లి ఇట్టి ఘాటైన తెగయే. ఎగుమతి ఉత్తర్వులలో దానిని ప్రత్యేకముగా పేరు పెట్టి పేర్కొనుట పరిపాటి. కావున తీపి ఉల్లి మనకు పొలపు పంట కాదు, పెరటి పంట. కోసినవెంటనే ఇంటిల్లిపాదియు తినివేయు మడి పంట.

ఈ చరిత్రను పెరటికి అన్వయింతము. మొదటి సంగతి విత్తనము. గ్రానో వంటి చిన్న పగటి జాతినే కోరి తెచ్చుకొనవలెను. పొట్లము మీద సంకరజాతి యని యున్నదో లేదో చూడవలెను. ఉల్లిగింజ నల్లగా, కోణములు తేలి, నల్లజీలకర్రను పోలియుండును. ఒకదానికి ఒకటి యని భ్రమపడుట కద్దు. వంటదినుసుల అంగడిలో కొన్నదానిని చల్లినచో ఉల్లి మొలవదు. అన్నిటికంటె ముఖ్యము, ఉల్లి విత్తనము అల్పాయువు. ఏడాది దాటిన గింజలో మొలకశక్తి త్వరగా క్షీణించును. నేను ఒక సంవత్సరము తక్కువ ధరకు వచ్చినదని పాత పొట్లము కొని, మడి యంతయు తడిపి, పదునైదు దినములు కనిపెట్టుకొని కూర్చుంటిని. మొలచినవి పట్టుమని పది లేవు. అదనుకాలము మాత్రము దాటిపోయినది. నాటినుండి ఇరువది గింజలను తడిగుడ్డలో చుట్టి పదిదినములు చూచి గాని నారుమడికి పూనుకొనుటలేదు.

రెండవ సంగతి తేదీ. సెప్టెంబరు నడుమనుండి అక్టోబరు చివరివరకు నారు పోసినచో మొక్క చలికాలమున ఆకు బాగుగా పెంచుకొని, ఫిబ్రవరి మార్చి నెలలలో పగలు పొడుగగునప్పటికి గడ్డ ఊరును. గడ్డలోని ఒక్కొక్క పొరయు ఒక్కొక్క ఆకు అడుగుభాగమే. ఆకులెన్నియో గడ్డ అంత. నారుమడిలో అరంగుళము లోతున పలుచగా వరుసలలో విత్తి, సన్నని ఎరువు చల్లి, పూలజారీతో నీరు పోయవలెను. వారము పదిదినములలో వంగిన మోకాలివలె మొలక పైకి వచ్చును. ఆరేడువారములకు నారు పెన్సిలు కంటె కొంచెము సన్నగా నున్నప్పుడు నాలుగైదు అంగుళముల యెడముతో నాటవలెను. నారు మరీ ముదిరి లావెక్కినచో చలి తగిలి గడ్డ ఊరకమునుపే పూలకాడ లేచుట కలదు. వేరు తడిమట్టిలో నిలిచినంత లోతు చాలును. లోతుగా పాతిపెట్టరాదు, గడ్డ భూమిపై తేలి ఊరుటకు చోటుండవలెను.

మూడవ సంగతి నేల. విడాలియా మర్మము ఇచ్చటనే కలదు. అమ్మోనియం సల్ఫేటు, సూపరు ఫాస్ఫేటు, జిప్సము, ఇవి యన్నియు గంధకము గలవి. వేరుసెనగకు జిప్సము వేసిన నేలలో తీపి విత్తనము కూడ కొంత ఘాటెక్కును. బాగుగా చివికిన పశువుల ఎరువు ముందుగానే కలిపి, మడిని గుల్లచేసికొనుట మేలు. ఉల్లివేరు పైపైననే పారును. కావున కొంచెము కొంచెముగా, తప్పకుండ, తడి ఈయవలెను. నీటికి మాడిన ఉల్లి కసితో ఘాటెక్కును. సగము మొక్కల మెడలు వాలగానే నీరు మాని, పెరికి, ఆకుతోనే నీడను ఆరబెట్టవలెను. ఒకటి రెండు నెలలలో వాడుకొనవలెను. నిలువజేయుటకు ఘాటు ఉల్లి మనకు ఎటులను కలదు.

ఇక చివరి సంగతి. మీ విత్తనము సంకరము కానిచో దాని గింజను మీరే కట్టవచ్చును. గడ్డ తలభాగమును కోసి రుచి చూచి, తీయనైనదాని వేరుభాగమును మరల నాటుట ఉద్యానశాస్త్రజ్ఞులు చేయు యుక్తి. కాని మన మైదానములలో వేసవినుండి శీతకాలమువరకు తీపిగడ్డను కుళ్లకుండ దాచుట కష్టము. చలి చాలక పూత రాకపోవుటయు కలదు. ఎత్తైన చల్లని చోట్లనున్నవారికి ఇది కొంత సులభము. పూచినను, తేనెటీగలు పొరుగు ఉల్లిపూలనుండి పుప్పొడి తెచ్చి కులము కలుపకుండ చూడవలెను. బెర్ముడా రైతులు టెనెరిఫేకు ఎందుకు చేయి చాచిరో, ఈ ప్రయత్నము ఒక్కసారి చేసి చూచినవారికి చక్కగా తెలియును. వారు సోమరులు కారు. గింజ కట్టుట గడ్డ పెంచుటకంటె కష్టమైన విద్య.

అయినను ఆ కష్టమునకు భయపడనివారే ఈ చరిత్రలో నిలిచిరి. వాలా వాలా తోటమాలులు గడ్డలను ఏరిరి. పనికిరానిదనదగిన ఒక మొక్కను జోన్స్ కాపాడెను. పేరు చేజారవచ్చును, ధర పడిపోవచ్చును. గింజను ఎరిగి, ఏరి, దాచినవాని చేతిలోని తీపి మాత్రము చేజారదు. ఈ అక్టోబరులో మీ పెరటిలో రెండు బారల మడి తీసి, నల్లని గింజలు కొన్ని విత్తి చూడుడు. మార్చిలో మొదటి గడ్డను కోసి పచ్చిముక్కను నోట వేసికొన్న ఇల్లాలి కంట నీరు రానినాడు, టెనెరిఫే దీవిలో బయలుదేరిన ఆ విత్తనపు ప్రయాణము మీ గుమ్మమువరకు వచ్చినట్లే.